పగలని గుడ్లు

ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో నేను కోరుకున్నది ఒక్కటే. గుడ్డులోనే చచ్చిపోయిన ఒక పురుగును నా కళ్లతో నేను చూడాలి. బయట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు.

ఆ పురుగు పండ్ల ఈగ పిల్ల. అరటిపండు మగ్గితే చుట్టూ మూగే చిన్న ఎర్రకళ్ల ఈగలు ఉంటాయి కదా, వాటిది. వాటి గుడ్డు గసగసాల గింజ కంటే చిన్నది. ఒక్క రోజులో అందులో ఒక శరీరం తయారై, గుడ్డు పగిలి, తెల్లటి పురుగు పాక్కుంటూ బయటికి వస్తుంది. దాని పొట్ట కింద అడ్డంగా సన్నటి ముళ్ల పట్టీలు ఉంటాయి. ఒక్కో ఖండానికి ఒక్కో పట్టీ. ఆ పట్టీలు చూస్తే చాలు, లోపల శరీరం సరిగ్గా విడిపోయిందో లేదో తెలిసిపోతుంది.

ఆ విడిపోవడం గురించి మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. గుడ్డు పెట్టకముందే తల్లి ఈగ దాని ఒక కొసన ఒక సందేశం ఉంచుతుంది. అది ఉన్న వైపు తల. అక్కడ చిక్కగా మొదలై వెనక్కి పోతూ పలచబడే ఆ పదార్థాన్ని బట్టి కొన్ని జన్యువులు శరీరాన్ని పెద్ద పెద్ద ముక్కలుగా పంచుకుంటాయి. ఆ ముక్కల అంచులను చూసుకుని ఇంకో గుంపు జన్యువులు ఏడు చారలు గీస్తాయి. ఆ తర్వాత వచ్చేవి ప్రతి ఖండంలో ముందేదో వెనకేదో తేలుస్తాయి. చివరికి ఏ ఖండం మీద కాలు రావాలో, దేని మీద రెక్క రావాలో నిర్ణయమవుతుంది. ఎవరూ నిలబడి ఆజ్ఞలు ఇవ్వరు. ఒకరి పని చూసి ఒకరు తమ పని మొదలుపెడతారు.

మా బాపు రైల్వేలో పనిచేస్తారు. ఫలక్‌నుమా దగ్గర డబ్బాలు కలపడం, విడదీయడం ఆయన పని. ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలని ఒక సాయంత్రం రైలుతో పోల్చి చెప్పాను. ముందు ఇంజను ఎటువైపో తేలుతుంది, తర్వాత డబ్బాలు, తర్వాత ఒక్కో డబ్బాకు తలుపు ఎటువైపో. ఏడు చారలు గీసే జన్యువుల్లో ఒకటి పాడైతే డబ్బా విడిచి డబ్బా పోతుంది అన్నాను.

"మరి మిగిలిన డబ్బాలు?" అన్నారు బాపు, బూట్లు విప్పుతూ.

"అవి దగ్గరికొచ్చి ఒకదానికొకటి అతుక్కుంటయి."

"నడుస్తదా ఆ బండి?"

"నడువది బాపు. గుడ్డులనే చచ్చిపోతది."

"నడువని బండిని సూసేటందుకు గింత సదువు సదవాల్నా బిడ్డా?"

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, లోపల కొంచెం కలుక్కుమంది. అదే కదా నేను చూడాలనుకున్నది. ఉండాల్సిన పట్టీల్లో సగమే ఉన్న పురుగు. పుస్తకంలో నల్లటి బొమ్మగా ఉంది. నిజంగా ఉంటుందా అని.

మా కాలేజీ మొఘల్‌పురా దాటాక పాతకాలపు రాతి భవనంలో ఉంది. ఈగల గది మేడ మీద, ఎండ పడని వైపు. ఈగల్ని ఎప్పుడూ ఒకే వెచ్చదనంలో ఉంచే ఇన్‌క్యుబేటర్ పాడై స్టోరు గదిలో పడి ఉంది. అందుకని సీసాలన్నీ చెక్క అల్మారాలోనే, ఒక్కటి మాత్రం స్లైడ్లు ఆరబెట్టే ఓవెన్ మీద, వెచ్చగా. మా గైడ్ మేడమ్ తను పరిశోధన చేసిన చోటి నుంచి ఒక రకం ఈగల్ని తెచ్చుకున్నారు. ఏడు చారల జన్యువుల్లో ఒకటైన పెయిర్డ్ అనే జన్యువు వాటిలో పాడై ఉంటుంది. అక్కడ ఆ ప్రయోగశాల మూతపడింది కాబట్టి మళ్లీ తెచ్చుకునే దారి లేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఈగలో ప్రతి జన్యువూ జంటగా ఉంటుంది. రెండూ పాడైతే గుడ్డులోనే చచ్చిపోతుంది. ఒకటి పాడై ఒకటి బాగుంటే బతుకుతుంది, పిల్లల్ని కంటుంది. మా ఈగలన్నీ ఆ రెండో రకం. కానీ చూస్తే తెలియదు కదా? అందుకని బాగున్న దానికి ఒక గుర్తు కట్టి ఉంచుతారు. ఆ గుర్తు ఉన్న ఈగ రెక్కలు పైకి వంకర తిరిగి ఉంటాయి. రెండు వైపులా ఆ గుర్తే వచ్చినదీ బతకదు. అంటే మా సీసాలో ఏ ఈగను చూసినా వంకర రెక్కలే ఉండాలి. తిన్నటి రెక్కలు కనబడితే బయటి ఈగ దూరిందని అర్థం. కాలేజీ గేటు దగ్గరే జామపండ్ల బండి, కాబట్టి బయటి ఈగల భయం ఎప్పుడూ ఉండేది.

ప్రాజెక్టులో మేం ఇద్దరం. నా జంట అమ్మాయి వాళ్లది రాజమండ్రి వైపు. వాళ్ల నాన్నగారికి సెక్రటేరియట్‌లో ఉద్యోగమని ఇక్కడికి వచ్చారు. మంచి పిల్ల. గట్టిగా నవ్వుతుంది, గట్టిగా అడుగుతుంది, తప్పైనా గట్టిగానే చెబుతుంది. నేను మాట్లాడితే పక్కవాళ్లు "ఆ?" అంటారు. రెండోసారి చెప్పేసరికి నా మాట నాకే చిన్నదిగా అనిపిస్తుంది. మూడోసారి చెప్పను.

మేత ఉడకబెట్టడం నా పని. మక్కపిండి, బెల్లం, ఈస్టు, గట్టిపడడానికి అగర్. ఆ ఈస్టు వాసన జుట్టుకూ చున్నీకీ పట్టేది. షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కొంచెం జరిగేది. ఉప్పుగూడలో దిగి ఇంటికి వెళితే అమ్మ గుమ్మంలోనే ఆపేది.

"నీ మీద కల్లు వాసన వస్తున్నదేందే? కాలేజీల గీడికి తెచ్చిండ్రా సదువు?"

"ఈగల మేత అమ్మా."

"ఈగలు గూడ తాగుతున్నయా!"

డిసెంబరులో వరస సెలవులు వచ్చాయి. కాలేజీకి తాళం వేస్తే మేత ఎండి ఈగలు చస్తాయని మేడమ్ అన్నారు. "ఎవరైనా ఒక సీసా ఇంటికి తీసుకెళ్లండి, సేఫ్టీకి." క్లాసులో అందరూ పక్కకు చూశారు. నేను తీసుకున్నాను. ఒక సీసా, దూది బిరడాతో, టిఫిన్ డబ్బాలో నిలబెట్టి. మా వంటింట్లో పాత ఫ్రిజ్ వెనక ఒక గూడు ఉంది. ఫ్రిజ్ వేడి తగిలి ఆ గూడు ఎప్పుడూ నులివెచ్చగా ఉంటుంది. అమ్మ పెరుగు తోడు పెట్టేది అక్కడే. పెరుగు గిన్నెను పక్కకు జరిపి సీసా పెట్టాను.

"ఇంట్ల ఈగలు సాలయని కాలేజీల నుంచి తెచ్చినవా?" అన్నారు బాపు.

సెలవులయ్యాక సీసా గురించి ఎవరూ అడగలేదు. సేఫ్టీకి అన్నారు కదా అని నేనూ ఉంచేశాను. మేత అయిపోతే ఇంట్లోనే గిన్నెలో ఉడికించి కొత్త సీసాలోకి మార్చేదాన్ని. అమ్మ గిన్నెలోకి తొంగిచూసి, "మనుషులకు అన్నం, ఈగలకు మక్కగట్క" అని పెద్దగా నిట్టూర్చేది. చుట్టాలొస్తే మాత్రం సీసా మీద గుడ్డ కప్పేది.

జనవరిలో చలి బాగా ముదిరింది. ఆ రాతిగదిలో పొద్దున స్వెటర్ విప్పలేకపోయేవాళ్లం. ఒకరోజు నా జంట అమ్మాయి సీసా వెలుతురుకు పట్టుకుని అరిచింది. "మేడమ్! రెక్కలు తిన్నగా ఉన్నాయండీ! అన్నీనూ!"

మేడమ్ వచ్చి చూశారు. అల్మారాలో ఏ సీసా చూసినా కొత్తగా పుట్టిన ఈగలకు రెక్కలు దాదాపు తిన్నగానే ఉన్నాయి. ఓవెన్ మీద పెట్టిన ఒక్క సీసాలో మాత్రం కొన్ని వంకరవి, కొన్ని తిన్నటివి.

"కంటామినేట్ అయిపోయింది. బయటి ఈగలు దూరాయి. ఆ ఒక్కటి ఉంచి మిగతావన్నీ సబ్బునీళ్లలో పడేయండి. ఉంచిన దాంట్లోంచి వంకర రెక్కలవి మాత్రం ఏరి కొత్త సీసాలో వేయండి" అన్నారు మేడమ్.

నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. లైబ్రరీలో అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకం ఉంది. నేను తప్ప ఎవరూ తీయరు. అందులో ఒక మూల చిన్న అక్షరాల్లో చదివాను. ఆ వంకర రెక్కల గుర్తు చలిలో సరిగా బయటపడదట. చల్లటి చోట పెరిగితే అదే ఈగకు రెక్కలు తిన్నగా వస్తాయట. అంటే అల్మారాలోవి బయటి ఈగలు కావు, మావే. తేడా అంతా చలిది.

"మేడమ్, చలికి..." అన్నాను.

"ఆ?"

"చలికి రెక్కలు తిన్నగా వస్తాయని..."

"బకెట్ తీసుకురా అమ్మా, తొందరగా. నాకు క్లాసుంది."

బకెట్ తెచ్చాను. దూది బిరడాలు ఒక్కొక్కటే తీసి నేనే తట్టాను. సబ్బు నురగ మీద ఈగలు నల్లటి ఆవాల్లా తేలాయి. ఇంటికి వచ్చి ఫ్రిజ్ వెనక సీసా చూశాను. అందులో ఈగలన్నింటికీ రెక్కలు వంకరగా, చక్కగా పైకి తిరిగి ఉన్నాయి. ఒక్కటి కూడా తిన్నటిది లేదు. అవీ ఇవీ ఒకే తల్లి బిడ్డలు. అక్కడ చలి, ఇక్కడ ఫ్రిజ్ వేడి. అంతే. ఆ రాత్రి ఇదంతా డైరీలో కాగితం చిరిగేలా పెన్ను నొక్కి రాశాను.

రెండోసారి చెప్పడానికి సీసాను బ్యాగులో పెట్టుకుని స్టాఫ్ రూమ్ బయట నిలబడ్డాను. మేడమ్ ఫోన్‌లో ఉన్నారు. నన్ను చూసి చేత్తో తర్వాత అన్నట్టు సైగ చేశారు. బెల్లు కొట్టారు. తర్వాత అనేది రాలేదు. ఒకసారి కారిడార్‌లో దొరికితే పుస్తకం సంగతి మొదలుపెట్టాను. "పుస్తకాలు చదివి ఈగలు పెంచలేమమ్మా, చేతులతో పెంచాలి" అన్నారు, కోపంగా కాదు, భుజం తట్టి మరీ. కోపంగా అన్నా బాగుండేది.

ఇక గుడ్ల పని మొదలైంది. నల్లద్రాక్ష రసంతో చేసిన గట్టి పలకల మీద ఈగలు గుడ్లు పెడతాయి. ఒక రోజు ఆగితే బాగున్నవి పగిలి పురుగులు వెళ్లిపోతాయి. పగలకుండా మిగిలినవాటిలోనే మనకు కావాల్సింది ఉంటుంది. జన్యువు రెండు వైపులా పాడైనవి నాలుగింట ఒక వంతు రావాలని లెక్క. నేను రోజూ పలక తీసి చూసేదాన్ని. ఎక్కడ చూసినా ఖాళీ పెంకులు. పురుగులు పలకంతా పాకుతూ, తెల్లగా, ఆరోగ్యంగా. ఎక్కడో కొన్ని పగలనివి దొరికితే ఏరి, బ్లీచింగ్ నీళ్లతో పై పొర తీసి, స్లైడ్ మీద ఆమ్లంలో పెట్టి రాత్రంతా ఓవెన్‌లో ఉంచేదాన్ని. లోపలి మాంసం కరిగి చర్మం మాత్రం మిగులుతుంది. పొద్దున చూస్తే ప్రతి చర్మం మీదా పట్టీలన్నీ ఉండేవి. ఒక్కటి తగ్గదు. నాకు ఆ పురుగుల మీద కోపం వచ్చేది. ఇంత బాగా ఎందుకు తయారయ్యారు మీరు?

నిజానికి బయటి ఈగలు దూరింది మేం ఉంచుకున్న ఆ ఒక్క సీసాలోనే. ఓవెన్ వెచ్చదనంలో కూడా రెక్కలు తిన్నగా వచ్చాయంటే అవి మావి కావు. వంకర రెక్కలు చూసి ఏరుకున్నాం గానీ, వాటి తల్లిదండ్రులు బయటివాటితో కలిశారు. గుర్తు మిగిలింది, పాడైన జన్యువు కొట్టుకుపోయింది. శుభ్రమైనవి పారేసి కలిసిపోయినవి ఉంచుకున్నాం. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా రోజూ వాటి గుడ్లనే ఏరుతున్నాను.

ఒకరోజు ఇంటికొచ్చి పళ్లెం ముందు కూర్చుని ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏమైందే?" అంది అమ్మ.

"గుడ్లన్నీ పగిలినయి."

"పగలగొట్టినవా?"

"కాదు. పిల్లలొచ్చినయి. అన్నిట్లకెళ్లి."

అమ్మ నా ముఖం, బాపు ముఖం మార్చి మార్చి చూసింది. "అన్ని బతికినయంటే మంచిదే కదనే. గా దానికి ఏడుస్తరా?"

"దీని సదువు తీరే ఉల్టా ఉన్నది, ఊకో" అన్నారు బాపు. నన్ను ఊరుకోబెడుతున్నారో అమ్మనో తెలియలేదు.

మార్చిలో ఎండలు వచ్చాయి. రాతిగది కూడా వెచ్చబడింది. రిపోర్టు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతోంది. నా జంట అమ్మాయి పలకలు కడుగుతూ, "ఇంక మనకు రాదే. రిజల్ట్ నెగటివ్ అని రాసేద్దాం" అంది. ఆమె గొంతులో మొదటిసారి నీరసం విన్నాను. అందుకేనేమో చెప్పేశాను. చలి సంగతి, పాత పుస్తకం, ఫ్రిజ్ వెనక సీసా, అన్నీ. ఇద్దరమే ఉన్నాం కాబట్టి మాట ఆగలేదు.

ఆమె తడి చేతులతోనే నిలబడిపోయింది. "ఒసేయ్! ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"చెప్పిన. మేడమ్‌కు రెండు మూడు సార్లు చెప్పిన."

"నువ్వు చెప్పడం కూడా ఒక చెప్పడమేనా? రా!"

నా చెయ్యి పట్టుకుని స్టాఫ్ రూమ్‌లోకి లాక్కెళ్లింది. తలుపు కొట్టలేదు కూడా. "మేడమ్, చలికి రెక్కలు తిన్నగా అయిపోతాయంటండీ! మనం పారేసినవి అసలువేనంటండీ!"

మేడమ్ కళ్లజోడు తీశారు. తర్వాత, "అవును కదా... టెంపరేచర్... అవును" అని నుదురు రుద్దుకున్నారు. తర్వాత మా వైపు చూసి, "మరి ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు ఎవరూ?" అన్నారు.

నేను నేల వైపు చూశాను. అవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు. జనవరిలో నా నోట్లోంచి వచ్చినప్పుడు అవి గాలి. మార్చిలో ఇంకొకరి నోట్లోంచి వస్తే విజ్ఞానం. ఆమె మీద నాకు కోపం లేదు, నాకోసమే అరిచింది. కోపం ఎవరి మీదో తేలక ఆ రోజంతా దవడలు నొప్పి పెట్టాయి.

"అసలు స్టాక్ పోయింది కదా ఇప్పుడు" అన్నారు మేడమ్.

"దీని దగ్గరుందండీ! వాళ్లింట్లో, ఫ్రిజ్ వెనకాల!"

"ఇంట్లోనా? కాలేజీ స్టాక్ ఇంట్లో పెట్టుకోమని ఎవరు చెప్పారు?"

మీరే మేడమ్, అని గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

మర్నాడు సీసా తెచ్చాను. అమ్మ గూట్లో పెరుగు గిన్నెను తిరిగి మధ్యలోకి జరిపి, "పోయినయా నీ చుట్టాలు?" అంది. ఇన్ని నెలలు విసుక్కున్న మనిషి ఆటో దాకా వచ్చి, డబ్బా ఒడిలో నిటారుగా పట్టుకోమని చెప్పింది.

ఈగలు పెరిగి సరిపడా గుడ్లు పెట్టేదాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత పలక తీసిన రోజు నాకు గుర్తుంది. ఖాళీ పెంకుల మధ్య పగలని గుడ్లు, బియ్యంలో నూకల్లా, చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే ఏరాను. పై పొర తీసి స్లైడ్ మీద పెట్టి ఓవెన్‌లో ఉంచాను.

మంచి మైక్రోస్కోపు కాలేజీకి ఒక్కటే. తాళం మేడమ్ దగ్గర. పొద్దున ఆవిడ వచ్చి తీశారు. స్లైడ్ నేను పెట్టాను. కూర్చోబోయేంతలో, "ఆగు" అని ఆవిడే కూర్చున్నారు. కొంచెం సేపు కదల్లేదు. "ఉంది" అన్నారు. నా జంట అమ్మాయి చప్పట్లు కొట్టి, "నేనండీ, నేనండీ" అని తర్వాత కూర్చుంది. అరిచింది. ఫోన్‌ను కటకం మీద ఆనించి ఫొటోలు తీసింది. పక్క ల్యాబ్ నుంచి ఇద్దరు లెక్చరర్లు వచ్చి వంగి చూసి, బాగుందన్నారు. నేను స్లైడ్ల పెట్టె పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాను. ఫోన్‌లో ఫొటో చూపించబోతే కళ్లు మూసుకున్నాను. మొదటిసారి చూడడం అలా కాకూడదనుకున్నాను.

చివరికి కుర్చీ ఖాళీ అయింది. కూర్చుని కన్ను ఆనించాను. ఎవరో కదిపినట్టున్నారు, అంతా మసక. మెల్లగా తిప్పాను. నల్లటి నేల మీద వెలుగు గీతలుగా తేలింది. ఒక పట్టీ. దాని పక్కన ఇంకో పట్టీ రావాల్సిన చోట ఏమీ లేదు, నున్నటి చర్మం. మళ్లీ ఒక పట్టీ. మళ్లీ నున్నగా. పొట్ట మీద ఎనిమిది ఉండాల్సింది నాలుగే. శరీరం పొట్టిగా, దగ్గరికి ముడుచుకుని ఉంది. పుస్తకంలో బొమ్మలా లేదు. బొమ్మలో ఇంత జాలిగా లేదు. లోపలి జన్యువులు ఒకదాని పని చూసి ఒకటి చేసుకుంటూ వచ్చి, ఒకచోట ఒకటి పలకకపోతే, మిగిలినవి ఆగకుండా తమ పని చేసుకుపోయాయి. పలకని చోటు మాత్రం అలా నున్నగా మిగిలింది.

"చూశావు కదమ్మా, లే. సామాను సర్దాలి, నాకు క్లాసుంది" అన్నారు మేడమ్ వెనక నుంచి. తాళం చెవుల చప్పుడు వినబడింది.

"ఇంకా చూడలేదు మేడమ్."

గదిలో చప్పుడు ఆగింది. అది నా గొంతేనని నాకు తెలియడానికి కొంచెం సేపు పట్టింది. "ఆ?" అని ఎవరూ అనలేదు. నేను తల ఎత్తలేదు. కన్ను తీయకుండా తల నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఒక్కో పట్టీ, ఒక్కో ఖాళీ, మెల్లగా చూసుకుంటూ వెళ్లాను. వెనక మేడమ్ నిలబడే ఉన్నారు.